బాబు వంతు

1944 జూన్ 12, సోమవారం

అన్నం పెట్టి చంపుతున్నారు. విషం పెడితే ఒక్క దినంలో పోయేది, పాపం ఎవరిదో తెలిసేది. ఇక్కడ నెయ్యి వేసి, చేత్తో కలిపి, ముద్దుచేసి చంపుతున్నారు. చంపుతున్నది మా టీచరమ్మ. చస్తున్నది మేజర్. పళ్లెం మోసేది నేను.

ఇవాళ మేజర్ వరండా మెట్లు ఎక్కలేకపోయాడు. ముందు కాళ్లు మొదటి మెట్టు మీద పెట్టి నా వైపు చూశాడు. కుక్కకు సిగ్గుండదంటారు. ఉంటుంది. పొట్ట కింద చేతులు వేసి లేపబోతే నా నడుము పట్టేసింది. వంట చేసే రూతక్క కిటికీలోంచి చూసి నవ్వింది.

"ఏందిరా ఓదెలూ, బర్రెను మెట్లెక్కిస్తున్నవా?"

"నువ్వు వండుడు జర తగ్గిస్తే మేకంత అయితడు."

"టీచరమ్మ చెప్పినంత నేను వండుత. ఆమె పెట్టమన్నంత నువ్వు పెడుతవు. ఇద్దరం గంతే."

నిజమే. అందుకే ఒళ్లు మండింది.

ఈ కుక్కే టీచరమ్మ కొడుకు యేసురాజు బాబు సైకిలు వెంట పంజాగుట్ట నుంచి బేగంపేట స్టేషను గేటు దాకా ఉరికేది. బాబు కన్నా ముందు చేరి, గేటు దగ్గర కూర్చుని, వెనక వస్తున్న మమ్మల్ని వెక్కిరించినట్టు చూసేది. అప్పుడు పక్కటెముకలు కనిపించేవి. "నేను మేజర్ అయ్యేసరికి ముసలోణ్ణయిపోతాను. ఇంట్లో ఇప్పుడే ఒక మేజర్ ఉండనీ" అని బాబే ఆ పేరు పెట్టాడు. బాబు మేజర్ కాలేదు. వైర్‌లెస్ పని మీద పటాలంతో మలయా పోయాడు. వంటవాడిగా మా అన్న కనకయ్యను వెంట తీసుకుపోయాడు. రెండేళ్ల కింద సింగపూర్ జపాను వాళ్ల చేతుల్లో పడిపోయింది. బాబు పేరిట, జాడ తెలియదని టెలిగ్రాం వచ్చింది. మా అన్న పేరిట అదీ రాలేదు.

అప్పటి నుంచి ఈ ఇంట్లో మూడు పూటలా బాబుకు పళ్లెం పెడతారు. కుర్చీ జరిపి, నీళ్లు పెట్టి, వేడిగా వడ్డిస్తారు. టీచరమ్మ ఎదురుగా కూర్చుని ప్రార్థన చేసుకుని తన అన్నం తను తింటుంది. ఆమె లేచాక బాబు వంతు మిగులుతుంది. అది పారెయ్యకూడదు. ఇంకో మనిషి తినకూడదు. బాబు కుక్క తినవచ్చు. మేజర్ అప్పటికే తన గిన్నె నాకి పడుకుని ఉంటాడు. లేపి మళ్లీ ఇది పెట్టాలి.

పోస్టు లేదు.

జూన్ 13, మంగళవారం

పోస్టు లేదు.

మేజర్ మెట్ల కిందే పడుకున్నాడు. బాబు కట్టిన తోలు పట్టా ఇప్పుడు మెడకు అందదు. రెండు కొసలకూ నడుమ నా అరచెయ్యి పడుతుంది. తీసి నా గదిలో మేకుకు తగిలించాను.

మిల్లులో పని ఉంది, రమ్మని నా దోస్తు హనుమాండ్లు మళ్లీ చెప్పి పంపాడు. పోను. కుక్క ఇట్లా ఉండగా ఎట్లా పోతాను? నేను ఈ బంగ్లాలో ఉన్నది కుక్క కోసమే. ఇంకో కారణం లేదు. రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత నేనే మరిచిపోకుండా.

జూన్ 17, శనివారం

దగ్గు మొదలయింది. గొంతులో ఎముక పడ్డట్టు దగ్గుతున్నాడు. ఆ దగ్గుకు భయపడి టీచరమ్మ డాక్టరు దగ్గరికి ఒప్పుకుంది. నేను చెప్పినప్పుడు ఒప్పుకోలేదు.

సారయ్య జట్కా తెచ్చాడు. నేనూ ఆయనా కలిసి మేజర్‌ను ఎక్కించాం. బండి ఒక పక్కకు ఒరిగింది.

"ఓదెలూ, గీయన కూసుంటే నా గుర్రం నన్ను తిడుతది. రేపటికెళ్లి అది లోపల కూసుంటది, నన్ను గుంజుమంటది."

టీచరమ్మ నవ్వలేదు. మేజర్ తలను ఒళ్లో పెట్టుకుని లక్డీకాపూల్ దాకా చెవి నిమురుతూ కూర్చుంది. ఆమె బందరు మనిషి. పెనిమిటి పోయి చాలా కాలమయింది. ఆయన తరఫు మెదక్ పొలం నుంచి బియ్యం ఇప్పటికీ వస్తాయి. అమీర్‌పేటలో మా అమ్మ రేషను వరసలో నిలబడి తెచ్చే గింజల్లో సగం రాళ్లు. రాయకూడదనుకున్నాను. రాశాను.

పశువుల డాక్టరు మేజర్ ఛాతీ మీద చెవి పెట్టి విన్నాడు. కాళ్లు నొక్కాడు. మోచేతుల దగ్గర బొచ్చు పోయి పడ్డ పుండ్లు చూశాడు.

"ఏం పెడుతున్నరమ్మా దీనికి?"

"ఇంట్లో ఏది ఉంటే అదేనండి. మనుషులతో సమానంగానే పెడతాం."

"ఒక మనిషితోని కాదు, ఇద్దరితోని సమానంగ పెడుతున్నరు. దీనికి రోగం లేదమ్మా. బరువే రోగం. గుండె అలిసిపోయింది. దినానికి ఒక్క పూట పెట్టండి. నెయ్యి బంద్. పొద్దున, సాయంత్రం మెల్లగ నడిపించాలె."

"అలా చూస్తుంటే పెట్టకుండా ఎలా ఉంటానండీ?"

"చూస్తది. కండ్లతోని అడుగుతది. ఎంత తినాల్నో దానికి తెల్వదు, మీకు తెల్వాలె. అందుకే గద దాన్ని మీ ఇంట్ల పెట్టుకున్నరు."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఒక్కటే మాట అన్నది. "చిక్కిపోతేనో?"

బేగంపేట ప్లాట్‌ఫారం మీద బాబు చెప్పిన మాట అది. బండి కదులుతుండగా కిటికీలోంచి వంగి, "అమ్మా, మేజర్ నా మీద బెంగ పెట్టుకుంటాడు. చిక్కిపోనివ్వకు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మా అన్న వెనకాల వంట సామాను మూట మీద కూర్చుని నాకు చెయ్యి ఊపుతున్నాడు.

జూన్ 18, ఆదివారం

చర్చి నుంచి వచ్చి మా ఇద్దరినీ పిలిచింది.

"రూతమ్మా, ఓదెలూ, వినండి. ఇవాళ్టి నుంచి మేజర్ గిన్నె తీసెయ్యండి. డాక్టరుగారు చెప్పారు. మనసు రాయి చేసుకోవాలి."

సంతోషంతో గిన్నె నేనే తోమి అటక మీద బోర్లించాను. ఈ మనిషిని ఊరికే తిట్టుకున్నానని కూడా అనుకున్నాను.

మధ్యాహ్నం బల్ల మీద బాబు పళ్లెం. అన్నం, మాంసం పులుసు, పైన నెయ్యి. ఆమె లేచి, ఎప్పటిలాగే పళ్లెం నా చేతికిచ్చింది.

"డాక్టరు బంద్ చెయ్యమన్నడు గద టీచరమ్మా?"

"మేజర్‌ది బంద్ చేశాం కదా. ఇది బాబుది."

ఆమె కళ్లలోకి చూశాను, ఎగతాళి ఉందేమోనని. లేదు. నిజంగానే చెబుతున్నది. అట్లాంటి మనిషితో ఎట్లా కొట్లాడాలి?

జూన్ 22, గురువారం

గిన్నె అటక మీదే ఉంది. పాపం మేజర్‌కు గిన్నె పోయిందని బాబు వంతు కొంచెం పెంచింది.

పోస్టు లేదు.

జూన్ 26, సోమవారం

నిమ్మచెట్టు కింద గుంత తవ్వాను. పొద్దుటి పళ్లెం అందులో ఒంపి మట్టి కప్పుతుంటే రూతక్క వెనక నిలబడి ఉంది.

"ఏం పూడుస్తున్నవురా?"

"నీ వంట."

చీపురు కట్ట తీసింది. వీపు మీద పడింది ఒకటి.

"అన్నం మట్టిల కలుపుతవా? నీ తల్లి గంజి తాగుకుంట రేషన్ల నిలబడుతుంటే అన్నం మట్టిల కలుపుతవారా?"

"మరి కుక్క సావాల్నా?"

"కుక్క ఎట్లనన్న సావనీ. అన్నం మన్నుల కలిపితే దేవుడు అడుగుతడు."

"దేవుణ్ణి జర ఆగుమను. ముందుగాల డాక్టరు అడుగుతడు."

మళ్లీ చీపురు లేపింది, కొట్టలేదు. కూర్చుండిపోయింది. మేజర్ ఈడ్చుకుంటూ వచ్చి, గుంత వాసన చూసి, తవ్వబోయాడు. రెండు సార్లు కాలు ఆడించేసరికి ఆయాసం వచ్చి అక్కడే కూలబడ్డాడు. మా ముగ్గురికీ ఆ మట్టి గుంత చుట్టూ కూర్చోవడం తప్ప చేసేది కనిపించలేదు.

"టీచరమ్మకు చెప్పను తియ్యి. మల్ల చేస్తే చెప్తా" అంది రూతక్క.

జూన్ 28, బుధవారం

దారి దొరికిందనుకున్నాను. దొరకలేదు.

మధ్యాహ్నం పళ్లెం టిఫిను డబ్బాలో ఒంపుకుని అమీర్‌పేట పోయాను. మా గుడిసె కమ్మరి కొలిమి పక్కన. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. డబ్బా మూత తీసి ముందు పెట్టాను. నెయ్యి వాసనకు కొలిమి దగ్గర పని చేసేవాళ్లు కూడా తల తిప్పారు. మా ఇంట్లో నెయ్యి వాసన ఎప్పుడు వచ్చిందో నాకు గుర్తు లేదు.

"యాడిది బిడ్డా?"

"బంగ్లాల మిగిలింది. తిను."

"ఎవ్వరిది మిగిలింది?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. బుచ్చమ్మ కొడుక్కి అబద్ధం నోటికి రాదు, అదొక శని. "యేసురాజు బాబు వంతు" అన్నాను.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది, నిప్పు ముట్టినట్టు.

"మూత పెట్టు."

"ఎందుకే? కుక్క తినంగ లేంది నువ్వు తింటే ఏమయితది?"

"కుక్క ఆ పిలగాందే గద. ఆయన తిన్నట్టే. నేను తింటే ఎట్ల? నా కొడుకు ఆయన ఎనక పోయిండు. ఆ పిలగాని బువ్వ ఇక్కడ నేను తింటే, అక్కడ నా కనకనికి ఎవరు పెడుతరు?"

"ఇక్కడి పళ్లెం అక్కడ ఎవడు చూడొచ్చిండే?"

"ఓదిగా, నోరు ముయ్యి. టీచరమ్మ పెడుతుండంగనే వాళ్లకు అక్కడ ఏదో ఒకటి కడుపుల పడుతున్నది. నాకు తెలుసు."

ఈ మాటకు జవాబు ఏ పుస్తకంలో ఉంది? బాబు పుస్తకాల దుమ్ము దులుపుతూ, ఒక్కో అక్షరం నాకు నేనే పట్టుకుని చదవడం నేర్చుకున్నాను. ఒక్కదానిలో కూడా లేదు. ఒక తల్లి పెడుతుంది, ఒక తల్లి ముట్టదు, నడుమ కుక్క ఉబ్బుతుంది. డబ్బా మోసుకుని ఎండలో పంజాగుట్ట తిరిగి వచ్చాను. మేజర్ తోక ఆడించాడు.

పెట్టాను. ఏం చెయ్యమంటారు? పెట్టాను.

జులై 2, ఆదివారం

బోనాలు. అమ్మ బోనం ఎత్తుకుంది. సగం రాళ్లబియ్యంతోనే వండింది. ఎవరి పేరు చెప్పుకున్నవే అని అడిగాను.

"ఇద్దరి పేరు చెప్పిన. ఆ కుక్క పేరు సుత చెప్పిన. నువ్వు దాని మీద గంత పానం పెట్టుకుంటివి."

జులై 5, బుధవారం

మా వైపు వచ్చే పోస్టు జవాను నడిచి వస్తాడు. ఇవాళ ఆయనకు బదులు కొత్తాయన సైకిలు మీద వచ్చాడు. గేటు దగ్గర గంట కొట్టాడు.

మేజర్ లేచాడు. ఎట్లా లేచాడో తెలియదు. మెట్ల కింద నుంచి దొర్లినట్టు కదిలి గేటు వైపు ఉరికాడు. ఉరకడమే అది, పాత ఉరుకుడు. చెవులు వెనక్కి పోయాయి. మొరిగాడు కూడా. సగం దారిలో ముందు కాళ్లు మడతపడి, పక్కకు పడ్డాడు. నాలుక నల్లబడింది.

నేను ముందు కుక్క దగ్గరికి పోలేదు. పోస్టు జవాను చేతిలో కాగితం దగ్గరికి పోయాను. చర్చి వాళ్లు పంపిన నోటీసు. దాన్ని చింపినంత పని చేసి, తర్వాత మేజర్ దగ్గరికి పోయాను.

జూన్ 13న రాసింది అబద్ధం. మా గుడిసెకు నంబరు లేదు. పటాలంలో పేరు రాయించుకునేటప్పుడు మా అన్న ఈ బంగ్లా చిరునామా ఇచ్చాడు. జాబు వస్తే ఇక్కడికే వస్తుంది. అందుకని ఉన్నాను. కుక్క ఒక సాకు. సాకే పడిపోయి ఆయాసపడుతుంటే దాటుకుని పోయాను.

నీళ్లు చల్లి, తడిగుడ్డ వేసి, రూతక్క విసురుతుంటే చాలాసేపటికి తేరుకున్నాడు. టీచరమ్మ లోపలి నుంచి ఉరికి వచ్చింది. చేతిలో పాలు, రొట్టె, బెల్లం.

"నీరసం. ఆకలితో పడిపోయాడు. గిన్నె తీసేశాం కదా, అందుకే. తిను నాన్నా, తిను."

ఆమె చేతిలోంచి రొట్టె లాక్కున్నాను. ఈ ఇంట్లో అట్లా ఎప్పుడూ చెయ్యలేదు.

"ఆకలి కాదు టీచరమ్మా! బరువు! డాక్టరు చెప్పింది మీ చెవులల్ల పడలేదా? చిక్కిపోనియ్యకు అన్నడు మీ కొడుకు, చంపుమనలేదు. ఆయనొచ్చి నా మేజరేడి అంటే ఏం చూపిస్తరు? నిమ్మచెట్టు కింద గుంత చూపిస్తరా?"

"ఓదెలూ!" అంది రూతక్క.

టీచరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తడిసిన మేజర్ మెడ మీద చెయ్యి పెట్టి, బడిలో పిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"ఆ పళ్లెం పెట్టని రోజు, నా కొడుకు లేడని నేనే ఒప్పుకున్నట్టు. ఏంటి, ఒప్పుకోమంటావా?"

"నేనట్లనలేదు."

"అది ఒక్కడి పళ్లెం అనుకుంటున్నావా? వడ్డించేటప్పుడు రోజూ ఇద్దరి పేర్లూ చెబుతాను. యేసురాజు, కనకయ్య. మీ అన్న వండితేనే కదా నా కొడుకు తినేది. నువ్వు వరండాలో ఉంటావు, నీకు వినపడదు."

రొట్టె నా చేతిలో మెత్తబడిపోయింది.

జులై 6, గురువారం

పోస్టు లేదు.

మూడు పూటలా పళ్లెం నేనే తీసుకెళ్లి మేజర్ ముందు పెట్టాను. నిన్న అన్ని మాటలన్న నోరు ఇదే.

జులై 7, శుక్రవారం

పొద్దున పళ్లెం పెట్టి పక్కనే కూర్చున్నాను. ఊరికే పెట్టి పోవడమే గానీ వాడు ఎట్లా తింటాడో ఎన్నడూ చూడలేదు. ముందు తల తిప్పుకున్నాడు. రోడ్డు వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు. "తిను" అన్నాను, అలవాటుగా. అప్పుడు తిన్నాడు. ఆగి, ఊపిరి తీసుకుని, నా ముఖం చూసి, మళ్లీ తిన్నాడు. ఆఖరి మెతుకు దాకా.

వాడికి ఆకలి లేదు. టీచరమ్మకు కొడుకు ఉండాలి, మా అమ్మకు కొడుకు ఉండాలి, నాకు అన్న ఉండాలి. మేమందరం తినమంటున్నాం కాబట్టి వాడు తింటున్నాడు. మా ఆశంతా వాడి పొట్టలో వేసి, వాణ్ణి మోయమంటున్నాం.

నిన్నటి దాకా ఆమె చంపుతున్నదని రాశాను. అది సరి కాదు.

కింద ఉన్నది చిట్టీ మీద ఎత్తి రాశాను. సాయంత్రం బల్ల మీద పళ్లెం పెట్టేది నేనే కాబట్టి, వడ్డించక ముందే అందులో ఈ చిట్టీ ఉంటుంది. దాని మీద బాబు కట్టిన తోలు పట్టా ఉంటుంది.

"మేజర్‌ను మనమిద్దరం చంపుతున్నాం టీచరమ్మా. వడ్డించే చెయ్యి మీది, మోసే చెయ్యి నాది. నా చెయ్యి ఇక మొయ్యదు.

పళ్లెం తియ్యమనడం లేదు. కుర్చీ తియ్యమనడం లేదు. ఇద్దరి పేర్లూ రోజూ చెప్పండి. గట్టిగా చెప్పండి, వరండాలో నాకు వినపడేటట్టు. పళ్లెంలో అన్నం మాత్రం వద్దు. వాళ్లు వచ్చిన రోజు వేడిగా వండుదాం. మా అన్ననే వండమందాం.

మేజర్ తిండి నా చేతికి ఇవ్వండి. డాక్టరు చెప్పినంతే పెడతాను, చెప్పినట్టు నడిపిస్తాను. ఈ పట్టా మళ్లీ వాడి మెడకు సరిపోవాలి. బాబు వస్తే చూపించాల్సింది అది.

మీకు ఇష్టం లేకపోతే వాణ్ణి తీసుకుని అమీర్‌పేట పోతాను. దొంగ అంటే అనండి. మా అన్న జాబు ఎప్పుడైనా మీ గేటుకు వస్తే, కమ్మరి కొలిమి పక్క గుడిసె అని చెప్పి పంపండి. పంపుతారని నాకు తెలుసు.

జవాబు నోటితో అక్కరలేదు. ఆదివారం మీరు చర్చికి బయలుదేరేలోపు బాబు పళ్లెం బల్ల మీద ఖాళీగా కనిపించాలి."